రెండంగుళాల మడత

పెదవాల్తేరు వాలులో, పాలబూతు పక్కన నా మిషను.
పిల్లల నిక్కరు కుట్టినప్పుడల్లా
నడుము దగ్గర లోపలికి రెండంగుళాల మడత వదుల్తాను.
ఎదుగుతారు కదా.
అది ఎవరికీ కనబడదు. దానికి కూలీ అడగను.

ఆ మార్చిలో బడులు మూసేశాక
మిగిలిపోయిన నీలం యూనిఫాం గుడ్డతో
మాస్కులు కుట్టాను, జత ఇరవై.
నడుములకని కొన్న గుడ్డ మూతుల మీదికి పోయింది.
సముద్రం నాలుగు వీధుల అవతలే.
రాత్రుళ్ళు హోరు వినబడేది గానీ
దానికీ అడ్డంగా ఇనప కంచెలు, పోలీసు జీపు.
బీచిలో ముంతమసాలా బండి పెట్టే సన్యాసమ్మ
కొన్నాళ్ళు కూరగాయలమ్మింది. తర్వాత అవీ లేవు.

తెరుస్తామన్నారు, మళ్ళీ మూశారు.
రెండో ఆగస్టులో నిజంగా తెరిస్తే
నా గుమ్మం ముందు వరస.

ప్రమీల సిస్టరు కొడుకు జోయెల్.
కొలతల పుస్తకంలో వాడి పాత పేజీ తీశాను:
నడుము ఇరవై రెండు.
పక్కన పెన్సిలుతో నేనే రాసుకున్న మాట,
"ఒకచోట నిలవడు."

ఇప్పుడు నిలబడ్డాడు.
పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి,
గోడ మీద క్యాలెండరులో ఏదో వెతుకుతున్నాడు.
"వదిలెయ్ నాన్నా, ఊపిరి కూడా కుట్టాలి కదా నేను."
వదల్లేదు.
"ఆంటీ, అంకె పైకి చదవొద్దు."

గుమ్మంలో నాయనమ్మ చదివేసింది, టేపు అక్కర్లేకుండానే:
"ఏటి సేస్తామమ్మా, గుంటడు గుమ్మడికాయైపోనాడు!"
వరసలో ఆడవాళ్ళు నవ్వారు.
నేనూ సగం నవ్వాను.
ఆ సగం ఇప్పటికీ నోట్లో చేదుగా ఉంది.

బొత్తాలు ఏరుతూ, వాడు బయటికెళ్ళాక, ప్రమీల చెప్పింది.
కేజీహెచ్‌లో డ్యూటీ. డ్యూటీ దిగితే లాడ్జి గది.
వీళ్ళు మూడో అంతస్తులో, డాబా తలుపుకి అసోసియేషన్ తాళం.
క్లాసు ఫోన్లో, ఆట ఫోన్లో,
రాత్రి తొమ్మిదికి అమ్మ కూడా ఫోన్లో.
ఆ రోజు ఎన్ని మంచాలు ఖాళీ అయ్యాయో చెప్పలేదు,
ఎప్పుడొస్తుందో తెలీదు,
ఆమె అడగగలిగింది ఒక్కటే:
"తిన్నావా?"

తిన్నానని చెప్పడానికి తినేవాడు.
కంచం కెమెరాకి ఎత్తి చూపించేవాడు.
బంగాళాదుంప వేపుడు, నూడుల్సు, నాయనమ్మ చెగోడీలు,
అందరూ పడుకున్నాక చప్పుడు కాకుండా విప్పిన బిస్కెట్ ప్యాకెట్టు.
"మళ్ళీ తిన్నానమ్మా, చూడు."
అవతల ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వేది.
పదేళ్ళవాడికి దొరికిన మందు అది,
పూటపూటా వేశాడు, తనకి కాదు.

"ఇప్పుడు డైటు చార్టు రాసిచ్చారు," అంది ప్రమీల,
"నేను అడక్కూడదట, తిన్నావా అని.
మరేం అడగను అక్కా?"
నా దగ్గర జవాబు లేదు. బొత్తాలు లెక్కపెట్టాను.

పాత నిక్కరు కూడా తెచ్చారు, విప్పితే సరిపోతుందేమోనని.
బ్లేడుతో కుట్టు తెంపాను, రెండంగుళాలూ వదిలాను.
పైన గుడ్డ వెలిసిపోయింది గానీ
మడత లోపలిది ముదురు నీలం,
ఎండ మొహం చూడని రంగు.
చాల్లేదు.

పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టి అంకె రాసుకున్నాను.
కొత్తది కుట్టాను. దానికీ రెండంగుళాలు వదిలాను,
ఎదగడానికో, తగ్గడానికో, అది వాడి ఇష్టం.

శనివారం వచ్చి వేసుకుని చూసుకున్నాడు.
నడుము గురించి ఏమీ అనలేదు.
"జేబులు లోతేనా?" అన్నాడు. "గవ్వలు పడతాయా?"
కంచెలు తీసేశారు మరి.

వాలులో కిందికి నడిచాడు, పాలబూతు దాటాక పరుగు.
ఒక చెయ్యి నిక్కరు పట్టుకునే ఉంది,
జారదురా అని అరిచినా.

పుస్తకంలో ఆ పెన్సిలు మాట
కొట్టెయ్యలేదు నేను.